బ్రేకరు వచ్చింది, దిగండి

ఆ రోజుల్లో అంటూ మొదలుపెట్టేవాళ్ళు మామూలుగా చిన్నప్పటి సంగతులు చెబుతారు. గోలీలాటలు, గాలిపటాలు, బడి ఎగ్గొట్టడాలు. నాకు అలాంటివి లేవు. బడి ఎగ్గొట్టాలంటే ముందు బడికి వెళ్ళాలి కదా, నేను వెళ్ళలేదు. చేపల లారీ దగ్గర మంచుగడ్డలు పగలగొట్టే పనిలో పడ్డాను, తర్వాత క్లీనరునయ్యాను, తర్వాత డ్రైవరునయ్యాను, ఆ తర్వాత అద్దంలో చూసుకుంటే జుట్టు తెల్లబడిపోయింది. అక్షరాలు కూడా నలభై దాటాకే వచ్చాయి. హైస్కూల్లో చదువుకుంటున్న నా కూతురు సెలవులకి లారీలో నా పక్కన కూర్చొని, దారిలో ఊళ్ళ బోర్డులు చూపించి నేర్పింది. అలాంటి మనిషికి కుర్రతనం మాత్రం వేళకి ఎలా వస్తుంది? అదీ ఆలస్యంగానే, యాభై దాటాక వచ్చింది. వచ్చింది వచ్చినట్టు ఊరుకోలేదు, ఒక కారు వేసుకొని వచ్చింది.

మాది భోగాపురం పక్కన సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడికి విమానాలు దిగే స్టేషను వస్తుందని ఊరూరా చెప్పుకుంటున్న కాలం అది. విజయనగరంలో ఒక రిటైరైన మేష్టారు దగ్గర పాత కారు కొన్నాను. తెల్లటిది, చిన్నది, ఎవరి జోలికీ పోనిది. (కంపెనీ పేరు చెప్పను. తర్వాత జరిగినదాంట్లో వాళ్ళ తప్పు ఒక్క మరమేకంత కూడా లేదు.) ఆ మేష్టారు రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడట. తాళం చేతిలో పెడుతూ, "జాగ్రత్తగా చూసుకోవయ్యా" అన్నాడు. చూసుకోలేదని ఎవరూ అనలేరు. ఆయన కంటే ఎక్కువే చూసుకున్నాను. అంతా దానివల్లే వచ్చింది.

జీవితమంతా చేపల కంపు కొట్టే బళ్ళే తోలినవాణ్ణి కాబట్టి, నా సొంత కారులోకి చేప అన్నది రాకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. ముందు సెంటుబుడ్డి ఒకటి పెట్టాను, వెనక ఇంకొకటి పెట్టాను. మా ఆవిడ అంటే చేపల బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మే మనిషి. బుట్టతో ఆటో కోసం నిలబడి ఉంటే, నేను కారులో ఆమె ముందునుంచే పోయి హారన్ కొట్టి పలకరించేవాణ్ణి. ఆపేవాణ్ణి కాదు. "మన పెళ్ళిలో కూడా ఇంత సెంటు కొట్టుకోనేదు మావా నువ్వు" అనేది. (మావైపు మొగుణ్ణి మావ అనడం అలవాటు. కోపం వస్తే ఇంకా చాలా అంటుంది.)

విజయనగరంలోనే కార్లకి హంగులు చేసే కొట్టు ఉండేది. సీటు కవర్లు కొందామని వెళ్ళాను. కొట్టు యజమానికి పాతికేళ్ళుంటాయేమో, చెవికి పోగు, మెడ మీద పచ్చబొట్టు. నన్ను చూసి, "సెప్పు బ్రో, ఏటి కావాలి?" అన్నాడు. అప్పటికి నన్ను బాబాయి అనేవాళ్ళున్నారు, మావ అనేవాళ్ళున్నారు, ఒకరిద్దరు తాత అనడం కూడా మొదలుపెట్టారు. బ్రో అన్నవాడు లేడు. ఆ ఒక్క మాటకి పడిపోయాను. (ఇంటికి వెళ్ళి మా ఆవిడకి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా.) కవర్లకని వెళ్ళినవాణ్ణి సీట్లే మార్పించుకొని వచ్చాను. రేసుల్లో తోలేవాళ్ళు కూర్చొనే గుంట సీట్లు అవి. కూర్చోవడం సులువే. లేవాలంటే మాత్రం ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

తర్వాతి నెల మళ్ళీ వెళ్ళాను. అతను నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, పశువుల డాక్టరులా పెదవి విరిచాడు. "బ్రో, బాడీ ఎక్కడో ఉన్నాది, సక్రాలెక్కడో ఉన్నాయి. పంచె ఎగ్గట్టుకొని ఏరు దాటుతన్న ముసలోడిలాగున్నాది. కిందికి దింపి సూడు, నేలకంటుకొని పోతాది" అన్నాడు. ముసలోడు అన్న మాట నాకు గుచ్చుకుంది. స్ప్రింగుల చుట్లు కోయించేశాను. వారం తిరక్కుండా ఇంకొంచెం కోయించాను. చివరికి బండి ఎంత కిందికి దిగిందంటే, రోడ్డు పక్కన పడుకున్న కుక్క నన్ను చూడటానికి తల ఎత్తక్కర్లేదు, కళ్ళు తెరిస్తే చాలు. వెడల్పు టైర్లు వేయించాను. పొట్ట కింద నీలం లైట్లు పెట్టించాను. పొద్దుగూకాక వెలిగిస్తే కారు నీలం మడుగులో తేలుతున్నట్టు ఉండేది. డిక్కీ నిండా పాటల పెట్టె బిగించాను. అంత పెద్ద పెట్టెలో పెట్టుకోవడానికి నా దగ్గర పాటలు లేవు, రేడియోలో వాతావరణం వార్తలు పెట్టుకొని వినేవాణ్ణి. సముద్రం మీద గాలి వేగం గురించి అంత గంభీరంగా మా జిల్లాలో ఎవరూ విని ఉండరు. ఇక వెనక అద్దం మీద నా కూతురు పేరు పెద్ద అక్షరాలతో అంటించాను. నాకు అక్షరాలు నేర్పింది తను, కాబట్టి నేను రాయించిన మొదటి మాట తన పేరే. (అద్దం నిండిపోయి వెనక వచ్చేవాళ్ళు కనపడేవారు కారు. వెనక వచ్చేవాళ్ళతో నాకేం పని అనుకున్నాను. పని ఉంది. చెబుతాను.)

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? మా ఊరి నడిమధ్యలో స్పీడు బ్రేకరులాగ పాత పడవ మోకు ఒకటి అడ్డంగా వేసి ఉండేది, చెయ్యంత లావుది. దాని మీద నా కారు పొట్ట రాసుకొని ఠప్పున దిగినప్పుడల్లా అరుగుల మీదనుంచి కేకలు. "విమానాలొస్తాయి వస్తాయంటే ఏటో అనుకున్నాం, మన మావ ముందే దింపేసినాడు!" నేను నవ్వి చెయ్యి ఊపేవాణ్ణి. వాళ్ళు ఏడ్వలేక నవ్వుతున్నారని అప్పట్లో నా నమ్మకం.

ఆ సమయంలో నా మీద ఉన్న పెద్దరికాలు ఏవంటే, ఇంటి కప్పు కారుతోంది, ఇల్లాలికి మోకాలి నొప్పి, ఉన్న ఒక్క కూతురూ కడుపుతో ఉంది. ఈ మూడింట్లో ఒక్కదానికి కూడా స్ప్రింగులు కోయించడం వల్ల ఉపకారం లేదు. అయినా ఆదివారం వస్తే నేను కొట్టు దగ్గరే ఉండేవాణ్ణి. "ఇంటి మీదెక్కి ఒక రేకు మార్చు మావా" అని మా ఆవిడంటే, "వచ్చే వారం" అనేవాణ్ణి. కారు కింద దూరమంటే మాత్రం చొక్కా విప్పి సిద్ధం.

కూతుర్ని ఇచ్చింది కోటబొమ్మాళి పక్క ఊరు. వియ్యంకుడికి అక్కడి సంతలో ఎండుచేపల కొట్టు. కొట్టు పేరుకి ఆయనది, నోరు వియ్యపురాలిది. మాఘమాసంలో ఒకనాడు ఆవిడ ఫోను చేసింది. సంతలో బేరమాడే గొంతు, ఫోను అవసరం లేకుండానే మా ఊరికి వినపడుతుంది.

"అన్నియ్యా, కోడలికి ఏడో నెల. నెల ఎల్లిపోకముందే వచ్చి తీసుకెల్లు. తొలిపురుడు పుట్టింటికాడే గదా."

"రేపే వస్తాం సెల్లెమ్మా."

"ఆగు, నా మాటవ్వలేదు. ఆ పాకుడు బండితో రాకు. మనిసెత్తున ఉన్న బండేదైనా మాట్లాడుకొని రా. మొన్న నువ్వొచ్చినప్పుడు సూసినాను, మా వీధిలో కప్ప గెంతినట్టు గెంతినాది. కడుపుతో ఉన్న గుంటని దాన్లో ఎక్కించను. అదే తెచ్చినావంటే మాత్రం పురుడు మా ఇంటికాడే. నానే సేసుకుంటాను."

ఫోను పెట్టేసింది. మా ఆవిడ పక్కనే ఉండి అంతా వింది. వినడమేమిటి, వీధంతా విన్నది. మావాళ్ళలో తొలిపురుడు పుట్టింట్లో జరక్కపోతే, ఆ తండ్రిని అన్నం పెట్టలేనివాడి కింద జమకడతారు. ఆ మాట నేనైనా పడగలను, వయసు వచ్చినవాణ్ణి. కాని మా ఆవిడ అప్పటికే పాత చీరలన్నీ ఉతికి, ఎండలో ఆరేసి, మెత్తటివి ఏరి ఉయ్యాలకని దాచిపెట్టింది. కూతురు అత్తారింటికి వెళ్ళినప్పటినుంచి మా ఇంట్లో మాట్లాడేది వాతావరణం వార్తలు ఒక్కటే. పిల్ల వస్తుందని ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, వెనక అద్దం మీద కూతురి పేరున్న కారు గుమ్మంలో ఉండగా అద్దె బండిలో కూతుర్ని తేవడమేమిటని పట్టుపట్టాను.

"సరే, నీ బండేలే" అంది మా ఆవిడ. "గాని దాన్ని లేపి తీసుకురా. ఎలగున్నదాన్ని అలగ సేయించు. పో."

వెళ్ళాను. నిజంగానే స్ప్రింగులు మార్పిద్దామనే వెళ్ళాను. కొట్టులో అతను, "స్ప్రింగులకేటి బ్రో, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇది ఒక్కటే పీసు ఉన్నాది, ఇను" అని ఒక హారన్ మోగించాడు. రేవులో పెద్ద ఓడ కూసినట్టే కూసింది. నేను సముద్రం మనిషిని. ఇంక చెప్పేదేముంది? లేపడానికి వెళ్ళిన బండి లేవకుండానే, కూత నేర్చుకొని ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఆ కూత విని గుమ్మంలోకి వచ్చి, కారుని పైనుంచి కిందిదాకా చూసింది (అది ఎంతోసేపు పట్టే పని కాదు), లోపలికి వెళ్ళి చలిమిడికి బియ్యం నానబోసింది.

మర్నాడు బయల్దేరాం. చలిమిడి గిన్నె పెట్టడానికి డిక్కీలో చోటు లేదు. మా ఆవిడ గుంట సీట్లో కూరుకుపోయి, ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. బయటినుంచి చూస్తే గిన్నె ఒక్కటే ప్రయాణం చేస్తున్నట్టుంది. పెద్దరోడ్డు మీద బండి నూనె మీద జారినట్టు పోయింది. నాగావళి వంతెన దాటేటప్పుడు ఓడ కూత ఒకటి కూయించి, "ఎలగున్నాది?" అని అడిగాను. "మోకాలు ఎక్కడున్నాదో తెల్డం నేదు" అంది.

శ్రీకాకుళం దాటి, కోటబొమ్మాళి దగ్గర పెద్దరోడ్డు దిగి పల్లెదారి పట్టాం. అది ఉలవలు పీకే కాలం. మావైపు ఉలవమొక్కల్ని ఎండబెట్టి తారురోడ్డు మీద పరిచేస్తారు. వచ్చేపోయే బళ్ళు తొక్కుతుంటే గింజ రాలుతుంది, రైతుకి నూర్పు కలిసొస్తుంది. బస్సైనా లారీ అయినా దాని మీదనుంచే పోవాలి, అది మా దేశపు మర్యాద. నేను ఏళ్ళతరబడి లారీతో తొక్కినవాణ్ణే. ఆ అలవాటులోనే, పక్కకి తప్పుకోవాలన్న ఆలోచన కూడా రాకుండా, పెద్దమనిషిలాగ కారుని నడిమధ్యలోంచి పోనిచ్చాను. లారీ పొట్టకీ నేలకీ మధ్య మనిషి కూర్చొని అన్నం తినొచ్చు. నా కారు పొట్ట కింద అరచెయ్యి పట్టదు. అది ఆ ఉలవల్ని తొక్కలేదు. తుడిచేసింది. చీపురు పెట్టి ఊడ్చినట్టు రోడ్డు నల్లగా, శుభ్రంగా వదిలేసి, పంటంతా పొట్టలో కుక్కుకొని ముందుకు పోయింది.

"మావా, ఏదో మాడుతన్నాది."

"సెంటుబుడ్డి ఏడెక్కుంటాది."

"సెంటుకి పొగొస్తాదేటి?"

చూస్తే బానెట్టు పక్కనుంచి పొగ. ఎండుకట్టె పొగగొట్టానికి చుట్టుకొని రాజుకుంది. నేను బ్రేకు వేసి, తలుపు పట్టుకొని ఎలాగో బయటపడ్డాను. అప్పుడు కనపడింది, చేట పట్టుకొని, చెంగు బిగించి, అరుచుకుంటూ పరుగెత్తుకొస్తున్న ఒక ముసలమ్మ. ఎంతసేపటినుంచి పరుగెత్తుతోందో ఏమో. వెనక అద్దంలో నా కూతురి పేరు తప్ప నాకు ఇంకేమీ కనపడదు కదా. వస్తూనే ఆవిడ పొగ చూసింది. గట్టు మీద పెట్టుకున్న అంబలి తపేలా తెచ్చి, మధ్యాహ్నం తాగాల్సిన చోడంబలి మొత్తం కారు కింద గుమ్మరించింది. బుస్సుమంది. పొగ ఆగింది. నా ముందు సెంటుబుడ్డీ వెనక సెంటుబుడ్డీ కలిసి ఏమీ చెయ్యలేని వాసన ఒకటి లేచింది.

"సల్లగుండాలి తల్లీ" అన్నాను.

"నా సల్లదనం సంగతి తర్వాత. నా ఉలవలియ్యి."

"నీ ఉలవలు నాకాడెక్కడున్నాయి?"

"నీ బండి కిందున్నాయి. తియ్యి."

తియ్యడానికి వంగాను. చెయ్యి దూరలేదు. జాకీ పెట్టి లేపుదామంటే, జాకీ కూడా దూరలేదు. ముసలమ్మ ఇదంతా నడుము మీద చెయ్యి వేసుకొని చూసింది. "ఓలమ్మో, దీన్ని ఎవులు తొక్కేసినారు?" అని మా ఆవిణ్ణి అడిగింది. "కొన్నప్పుడు బాగానే ఉన్నాదప్పా" అంది మా ఆవిడ, గిన్నె వెనకనుంచి. ముసలమ్మ ఇక బేరానికి దిగలేదు. వెనక తలుపు తీసి, చేట ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. "ఎక్కడ లేపుతావో అక్కడికే పద. నా గింజ నాకు వచ్చేదాక దిగను."

అలా ముగ్గురం వియ్యాలవారి ఊరు చేరాం. మనిషి పెరిగితే బండి తగ్గుతుంది, ఆ లెక్క నా బుర్రకి అప్పుడు తట్టలేదు. వీధి మొదట్లో కొత్తగా సిమెంటు బ్రేకరు కట్టారు. (ఎందుకు కట్టారో తర్వాత చెప్పారు. మొన్న నేను వచ్చి వెళ్ళాకే కట్టారట.) మెల్లగా ఎక్కించాను. ముందు చక్రాలు దిగాయి. వెనక చక్రాలు రాలేదు. కారు పొట్ట ఆనించి, ఒడ్డుకొచ్చిన తాబేలులా ఆగిపోయింది. జనం పోగయ్యారు. గాభరాలో నా మోచెయ్యి తగిలి ఓడ కూత కూసింది. దాంతో మిగిలినవాళ్ళు కూడా వచ్చారు.

వియ్యంకుడు కొట్టులోంచి మనుషుల్ని పిలుచుకొచ్చాడు. మా ఆవిణ్ణి సీట్లోంచి లేపడం కుదరక గిన్నెతో సహా అలాగే ఉంచేసి, "ఐలెస్సా" అని పడవ తోసినట్టు కారుని పక్కకి ఎత్తి పట్టుకున్నారు. ముసలమ్మ వంగి కింద చేతులు పెట్టి, కోడిపొట్ట శుభ్రం చేసినట్టు ఉలవకట్టెలు బయటికి లాగి, అక్కడే రోడ్డు మీద చెరిగేసింది. గింజ చూసి ఆవిడ మొహం మారిపోయింది. "ఓరి నాయినా, ఒక్క కాయ కూడా మిగల్నేదు, అంతా రాలిపోనాది! ఎల్లినప్పుడు ఆ దారినే రా బాబూ. ఇంకా సగం ఉన్నాది, నాలుగు సుట్లు తిరుగుదువుగాని." ఆ కారుని మెచ్చుకున్న మనిషి, కొట్టువాడు కాక, లోకంలో ఆవిడ ఒక్కతే.

ఇదంతా గుమ్మంలోంచి మా వియ్యపురాలు చూస్తోంది. అరవలేదు. ఆవిడ అరవకపోతేనే భయం. "సూసినావా అన్నియ్యా" అంది నెమ్మదిగా. "నాను ఫోనులో సెప్పినాను. పురుడు ఇక్కడే." తిరిగి లోపలికి వెళ్ళబోయింది. నా కూతురు నడుము పట్టుకొని ఆవిడ వెనక నిలబడి ఉంది. నవ్వాపుకుంటోందో ఏడుపాపుకుంటోందో నాకు అర్థం కాలేదు. ఇంత పెద్ద పాటల పెట్టె పెట్టుకొని, ఓడ కూత పెట్టుకొని, ఆ పూట చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.

మాట్లాడింది మా ఆవిడ. సీట్లోంచి లేవలేదు కాబట్టి అక్కడినుంచే మాట్లాడింది.

"వదినా, ఈ బండి నాకూ ఇష్టం నేదు. దీని మీద నాను పడ్డ మాటలు నువ్వనగలవేటి? గాని ఈ సలిమిడి ఇంత దూరం ఒళ్ళో మోసినాను. మళ్ళీ ఎనక్కి మొయ్యను. బ్రేకరు వచ్చినకాడల్లా నాను దిగిపోతాను. దిగి, నడిసి, అవతల ఎక్కుతాను. బండి తేలికైపోతాది. మన పిల్ల దిగదు, కదల్దు. సరేనా?"

"నీ మోకాలో?"

"మోకాలు నాది."

వియ్యపురాలు గిన్నె వైపు చూసింది, గిన్నె వెనక కనపడీ కనపడని మనిషిని చూసింది. "నువ్వొక్కదానివి దిగితే ఆ ఏనుగు లెగుస్తాదా? నానూ వస్తాను" అంది. "దిగడానికి."

"మరి బావ కూడా దిగాలేటి?" అన్నాడు వియ్యంకుడు నన్ను చూపించి.

"ఆయన దిగితే తోలేదెవులు? నువ్వు రా, నువ్వు దిగుదువుగాని."

అలా ఇద్దరు కొత్తగా ఎక్కారు. నాకు అప్పుడు లెక్క తట్టింది. బరువు ఎక్కువై బండి తగులుతోందని దిగడానికి ఇద్దరు వస్తున్నారు, ఆ ఇద్దరు ఎక్కడం వల్ల బరువు ఇంకా ఎక్కువై బండి ఇంకా తగులుతుంది. వాళ్ళు రాకపోతే వాళ్ళు దిగక్కర్లేదు. నోటిదాకా వచ్చింది. చెబితే నా కూతురు రాదు. మింగేశాను. నా జన్మలో నేను పలక్కుండా ఊరుకున్న మంచిమాట అదొక్కటే.

పాటల పెట్టె విప్పి వియ్యంకుడి అరుగు మీద పెట్టేశాం. ఖాళీ అయిన డిక్కీలో వియ్యపురాలు ఒక మూట పెట్టింది. వాసనకే నాకు తెలిసిపోయింది. "ఎండు పాలసొర అన్నియ్యా. పురిటాలికి పాలు పడతాయి" అంది. నా ఒట్టు సంగతి చెప్పడానికి అది సమయం కాదనిపించింది. ముసలమ్మని ఆమె పొలం దగ్గర దింపాం. ఇంకో నాలుగు చుట్లు తిరగమని గొడవపెట్టింది. కూతుర్ని చూసి, "ఉలవలు ఏడి సేస్తాయి, ఇప్పుడొద్దు. పురుడయ్యాక సారు కాసుకో" అని పిడికెడు మూటకట్టి ఇచ్చింది.

ఇక ఆ ప్రయాణం. బ్రేకరు వస్తుంది. నేను ఆపుతాను. వియ్యంకుడు ముందు దూకి, బస్సు కండక్టరులాగ తలుపు చరిచి, "బ్రేకరొచ్చినాది, దిగండి దిగండి!" అంటాడు. వియ్యపురాలు దిగుతుంది. ఇద్దరూ కలిసి మా ఆవిణ్ణి చేతులు పట్టి గుంట సీట్లోంచి పీకుతారు. ముగ్గురూ వరసగా బ్రేకరు దాటి నడుస్తారు. వెనక సీట్లో నా కూతురు ఒక్కతే, పల్లకిలో పెళ్ళికూతురిలా, చలిమిడి ముద్ద కొరుక్కుంటూ, నా వెనకాల మెల్లగా దాటుతుంది. మళ్ళీ ముగ్గురూ ఎక్కుతారు. టీకొట్ల దగ్గరివాళ్ళు లేచి వచ్చి, "ఏటి బాబూ, బండి పాడైపోనాదా?" అని అడిగేవారు. "నేదు, బాగుసేయించినాడు" అనేది వియ్యపురాలు. మా పిల్ల నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే, "నవ్వకే, కడుపు కదుల్తాది" అని తిట్టి, తనూ చెంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. పెళ్ళైన నాటినుంచి ఎడముఖం పెడముఖంగా ఉన్న ఆ ఇద్దరు వదినలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని బ్రేకర్లు దాటడం నేను అద్దంలోంచి చూశాను. (పక్క అద్దంలోంచి. వెనక అద్దం సంగతి తెలిసిందే.)

మా ఊరి పడవమోకు దగ్గర అరుగులన్నీ నిండిపోయాయి. ముగ్గురు పెద్దవాళ్ళు దిగి, మోకు దాటి, గంభీరంగా నిలబడ్డారు. నా కారు, నా కూతురితో, పొట్ట తగలకుండా మోకు దాటింది. ఠప్పుమన్న చప్పుడు రాలేదు. ఆ ఒక్కరోజు అరుగుల మీదనుంచి కేక కూడా రాలేదు.

పురుడు మా దగ్గరే అయింది. ఆడపిల్ల. పుట్టిన రెండోనాడు ఒళ్ళు కాస్త పచ్చగా ఉందని ఆసుపత్రిలో నీలం లైటు కింద పడుకోబెట్టారు. అద్దంలోంచి చూసి నేను, "ఈ లైటు నా కారుకి ఉన్నాది గదా! ఇంటికాడే పెట్టుకుందుం" అన్నాను. నర్సమ్మకి అర్థం కాలేదు. వియ్యపురాలికి అయింది. "పుట్టి రెండ్రోజులు కానేదు, తాత నా మనవరాలికి కింద లైట్లు బిగించేసినాడు. ఇంక స్ప్రింగులు కోసెయ్యి, ఒక పనైపోతాది" అంది. ఆసుపత్రి వరండాలో అందరూ నవ్వారు. నేను అద్దానికి మొహం ఆనించి, ఆ నీలం వెలుగులో పిడికిళ్ళు బిగించుకొని పడుకున్న దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఆ లైటు కింద ఉండాల్సింది తారురోడ్డు కాదని నాకు అప్పుడు తెలిసింది.

పిల్లని ఇంటికి తెచ్చేలోగా కారుకి పూర్తి స్ప్రింగులు వేయించాను. "బాడీ మళ్ళీ పైకి ఎల్లిపోతాది బ్రో, లుక్కు పోతాది" అని కొట్టులో అతను గింజుకున్నాడు. "పోనియ్యి" అన్నాను. "ఎందుకు బ్రో?" అన్నాడు. "మనవరాలు పుట్టినాది" అన్నాను. అతను ఒక్క క్షణం నన్ను కొత్తగా చూసి, "అలగైతే సరే బాబాయ్" అన్నాడు. ఆ పూటనుంచి అతనికీ నేను బాబాయినే. మామూలు సీట్లు వచ్చాయి. నీలం లైట్లు తీసేశాను. పాటల పెట్టె ఇప్పటికీ వియ్యంకుడి అరుగు మీదే ఉంది, దాని మీద మంచినీళ్ళ బిందె పెట్టుకున్నారు. ఇంటి కప్పుకి రేకు కూడా మార్చాను, ఆలస్యంగానే. డిక్కీలోకి ఎక్కిన పాలసొర వాసన మాత్రం ఏ సెంటుకీ లొంగలేదు. ఒకసారి ఎక్కింది ఎలాగూ ఎక్కింది కదాని, మా ఆవిడ బుట్ట కూడా ఎక్కించడం మొదలుపెట్టాను. ఆటో కోసం నిలబడటం తప్పింది ఆవిడకి.

ఆ కారు ఇప్పటికీ ఉంది. ముసలోడు పంచె ఎగ్గట్టినట్టే ఉంది, ఏరు దాటడానికి సిద్ధంగా. నేనూ అలాగే ఉన్నాను. వెనక అద్దం మీద అక్షరాలు ఎండకి వెలిసి, సగం రాలిపోయాయి. మిగిలిన సందుల్లోంచి రోడ్డు బాగానే కనపడుతుంది. ఏ బ్రేకరైనా ఎత్తుగా, హాయిగా దాటేస్తుంది. కాని బ్రేకరు దూరంనుంచి కనపడగానే పక్కనున్న మా ఆవిడ చెయ్యి తలుపు గడి మీదికి పోతుంది. దిగక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆ చెయ్యి వినదు. అందుకని ఈమధ్య, దారిలో ఎవరూ లేకపోతే, నేనే బండి పూర్తిగా ఆపేస్తున్నాను. తను దిగుతుంది. మోకాలు పట్టుకొని నెమ్మదిగా బ్రేకరు దాటుతుంది. నేను ఖాళీ బండి దాటించి అవతల ఆపుతాను. ఎక్కి, చీర సర్దుకొని, తలుపు వేసి, ముందుకి చూస్తూ అంటుంది:

"ఊ, పోనీ బ్రో."